బ్యాటరీ మార్చకు, ముందు మీటరు పెట్టు

బుజ్జీ,

మీ బాబాయి గురువారం మిర్చి యార్డుకి వస్తున్నాడు. ఈ సంచి వాడి చేతికిచ్చి పంపిస్తున్నాను. అందులో నా మల్టీమీటరు, చిన్న చార్జరు, 10 నంబరు స్పానరు, ఒక పాత టూత్‌బ్రష్, వాజెలిన్ డబ్బా ఉన్నాయి. గోంగూర పచ్చడి సీసా మీ అమ్మ వేరే కవర్లో కట్టింది, అది మటుకు వీటికి దూరంగా పెట్టు. ఇదంతా ఫోన్లో చెబుదామంటే "సరే నాన్నా, చూస్తాలే" అని పెట్టేస్తావు. కాగితమైతే బండి సీటు మీద పెట్టుకుని చదువుతూ చేసుకోవచ్చు.

ఆదివారం నువ్వన్న మాటే తిరుగుతోంది బుర్రలో. "మెకానిక్ మళ్ళీ బ్యాటరీ మార్చేయమంటున్నాడు." ఇప్పుడున్నది కొని ఆరు నెలలు. అంతకుముందుది ఎనిమిది నెలలకే పోయింది. బండి బ్యాటరీ అన్నాక రెండు మూడేళ్ళయినా రావాలి. ఒకటి తొందరగా పోతే దాని ఖర్మ అనుకోవచ్చు. వరసగా రెండూ అలాగే పోతే బ్యాటరీని తిట్టి లాభం లేదు.

ఈ సంగతి నాకు ముందే తట్టాల్సింది. ఇరవై తొమ్మిదేళ్ళు హైస్కూల్లో ఓం నియమం చెప్పినవాణ్ణి, రెండో బ్యాటరీ కొనేముందు ఒక్కసారి మీటరు పెట్టి చూడలేదు. ఆటోనగర్లో కౌంటరు దగ్గర నిలబడి, పాతది ఇస్తే ఎంత తగ్గిస్తారని బేరమాడి, కొత్తది బిగించుకుని వచ్చేశాను. పదో తరగతి పిల్లాడు లెక్క చేయకుండా జవాబు రాస్తే మార్కులు కోసేవాణ్ణి కదా, నాకు ఎవరు కోస్తారు?

మేడ మీద ట్యాంకు తెల్లారేసరికి ఖాళీ అయితే ఏం చూస్తాం? మోటారు నీళ్ళు సరిగా ఎక్కించిందా, ఎక్కడైనా కుళాయి కారుతోందా, ట్యాంకే పగిలిందా. ఇక్కడా అంతే. మనమేమో ప్రతిసారీ ట్యాంకు మారుస్తున్నాం.

ముందు బ్యాటరీ సంగతి తేల్చు. రాత్రంతా చార్జింగ్ పెట్టి, తీశాక ఒక నాలుగైదు గంటలు వదిలేసి అప్పుడు మీటరు పెట్టు. తీసిన వెంటనే చూస్తే ఎక్కువ చూపించి మోసం చేస్తుంది. డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, ఎర్ర వైరు ప్లస్‌కి, నల్ల వైరు మైనస్‌కి ఆనించు. 12.6 నుంచి 12.8 దాకా ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం. 12 కంటే తక్కువంటే దాదాపు ఖాళీ. పన్నెండు వోల్టుల బ్యాటరీ అంటే లోపల రెండేసి వోల్టుల గదులు ఆరు. రాత్రంతా చార్జి పెట్టినా 10.5 దగ్గరే ఆగిపోయిందనుకో, ఆరింట్లో ఒక గది పోయినట్టు. అప్పుడు మెకానిక్ చెప్పింది నిజమే, కొత్తది కొనాల్సిందే. 12.7 చూపిస్తే మీటరు అలాగే ఉంచి సెల్ఫ్ నొక్కు. నొక్కినప్పుడు పది దగ్గరికి దిగి, వదలగానే పైకి లేస్తే ఫరవాలేదు. ఆరుకో ఏడుకో పడిపోతే దానికి పైకి చూపించుకునే వోల్టులే తప్ప సత్తువ లేదు.

తర్వాత బండి స్టార్ట్ చేసి మీటరు మళ్ళీ బ్యాటరీ మీదే పెట్టు. కాస్త రేస్ ఇస్తే 13.5 నుంచి 14.5 మధ్య రావాలి. హెడ్‌లైటు ఆపి ఒకసారి, వేసి ఒకసారి చూడు. (2017 ఏప్రిల్ తర్వాత వచ్చిన బళ్ళకి హెడ్‌లైటు ఆపే వీలే లేదు. మనది 2015ది కాబట్టి స్విచ్చి ఉంది.) ఎంత రేస్ ఇచ్చినా 12.5 దాటకపోతే బ్యాటరీకి చార్జి అందడం లేదన్నమాట. 15 దాటిపోతుంటే ఆర్ఆర్ యూనిట్ (ఇంజను ఇచ్చే కరెంటుని డీసీగా మార్చి, వోల్టులు అదుపులో పెట్టే రెగ్యులేటర్ రెక్టిఫయర్ డబ్బా) పట్టు తప్పి బ్యాటరీని ఉడకబెడుతోందని అర్థం.

నా అనుమానమంతా ఇక్కడే ఉంది, దానికో కారణముంది. నీకిది ఇంతవరకు చెప్పలేదు.

2024 సెప్టెంబరులో బుడమేరు వచ్చినప్పుడు సింగ్‌నగర్లో మన బండి సీటు దాకా నీళ్ళలో ఉండిపోయింది కదా. నీళ్ళు తీశాక ఇంజనాయిల్ మార్పించాను, కార్బొరేటర్ విప్పించాను, బురద కడిగించాను. ఎండలో పెట్టి ముందువైపు కప్లర్లన్నీ, అదే వైర్లని కలిపే ప్లాస్టిక్ జోళ్ళన్నీ, నేనే ఒక్కొక్కటీ ఊడదీసి తుడిచాను. సైడు ప్యానెల్ లోపల ఆర్ఆర్ యూనిట్ దగ్గరి కప్లరు ఒక్కటే మిగిలింది. ఆ ప్యానెల్ బోల్టు తుప్పు పట్టి, తల అరిగిపోయి రాలేదు. రేపు చూద్దాంలే అనుకున్నాను. ఆ రేపు రాలేదు, నువ్వు బండి గుంటూరు పట్టుకుపోయావు.

కాబట్టి ఆ బోల్టు ఎవరి చేతనైనా తీయించు. లోపల తెల్లటి ప్లాస్టిక్ కప్లరు ఉంటుంది. దాన్ని వైర్లు పట్టుకుని లాగకు, పక్కన చిన్న నొక్కు ఉంటుంది, అది నొక్కి లాగు. పిన్నుల మీద ఆకుపచ్చటి పొడి, ఇత్తడి గిన్నెకి పట్టే చిలుములా, అంటుకుని ఉందేమో చూడు. ప్లాస్టిక్ ఒక మూల గోధుమరంగుకి తిరిగి, కాస్త కరిగినట్టు ఉంటే ఇక అనుమానమే లేదు. ఆ పొడిలోంచి కరెంటు కష్టంగా పోతుంది, పోయినప్పుడల్లా అక్కడ వేడి పుడుతుంది. ఊడదీయకుండా కూడా పట్టుకోవచ్చు. బండి నడుస్తుండగా ఆర్ఆర్ యూనిట్ బయటికిచ్చే వైరు దగ్గర ఒకసారి, బ్యాటరీ దగ్గర ఒకసారి వోల్టులు చూడు. అక్కడ 14, ఇక్కడ 12.6 వచ్చాయనుకో, ఆ తేడా దారిలోనే ఖర్చయిపోతోంది. కరెంటుని నిరోధంతో గుణిస్తే వచ్చేది అదే. నీకు తొమ్మిదిలో నేర్పాను, నువ్వు కిటికీలోంచి బయటికి చూస్తున్నావు.

కప్లరు బాగానే ఉండి, చార్జింగు 14 వస్తుంటే, కుళాయి కారుతున్నట్టు. ఇక్కడ కూడా నిందితుణ్ణి నేనే అయ్యుండొచ్చు. నీకు మ్యాపు చూసుకోవడానికి వీలుగా ఉంటుందని హ్యాండిల్ దగ్గర సెల్‌ఫోన్ చార్జరు బిగించాను కదా, దాని వైరు తాళం దాటి నేరుగా బ్యాటరీకే కలిపాను. బండి ఆపి తాళంచెవి బయటికి తీసినా అది మేలుకునే ఉంటుంది. ఆ నీలం లైటు రాత్రంతా వెలగడం నువ్వు చూసే ఉంటావు. అది 20 మిల్లీయాంపులు తాగుతుందనుకో, రోజుకి 480 మిల్లీయాంపు అవర్లు, అంటే దాదాపు అర ఆంపు అవరు (ఏహెచ్). మనది 5 ఏహెచ్ బ్యాటరీ. ఐదు రోజులకి సగం, పది రోజులకి సున్నా. నువ్వు శుక్రవారం రాత్రి రైలెక్కి ఇక్కడికి వచ్చేస్తావు, అది అక్కడ నిలబడి తాగుతూనే ఉంటుంది. ఖాళీగా పడి ఉన్న బ్యాటరీలో పలకల మీద సీసపు సల్ఫేటు గట్టిపడిపోతుంది, తర్వాత ఎంత చార్జి పెట్టినా పూర్తిగా కరగదు.

దీన్ని కొలవాలంటే తాళంచెవి బయటికి తీసేసి, మైనస్ వైరు బోల్టు విప్పి, ఆ వైరుకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్యలో మీటరు పెట్టాలి. ఎర్ర వైరుని 10 ఆంపుల కన్నంలోకి మార్చి, ముందు అక్కడ చూసి, తక్కువగా ఉంటే మిల్లీయాంపులకి దిగు. మీటరు మధ్యలో ఉండగా తాళం తిప్పకు, సెల్ఫ్ అసలే నొక్కకు. నేను ఒకసారి నొక్కి మీటరు ఫ్యూజు కాల్చుకున్నాను. ఒకటి రెండు మిల్లీయాంపులుంటే పట్టించుకోనక్కర్లేదు. ఇరవై ముప్ఫై చూపిస్తే ఫోన్ చార్జరు వైరు ఊడదీసి మళ్ళీ చూడు. అంకె పడిపోయిందా, దొంగ దొరికినట్టే.

బ్యాటరీ విప్పేటప్పుడు ముందు మైనస్, తర్వాత ప్లస్. బిగించేటప్పుడు ముందు ప్లస్. తిరగేస్తే స్పానరు చాసిస్‌కి తగిలి నిప్పురవ్వలు రాలతాయి. టెర్మినల్స్ మీద తెల్లటి బూజులాంటిది ఉంటే వేడినీళ్ళలో తినేసోడా కలిపి బ్రష్‌తో రుద్ది, తుడిచి ఆరబెట్టి, బిగించాక వాజెలిన్ రాయి. ఇది సీలు బ్యాటరీ, మూత తీసి డిస్టిల్డ్ వాటర్ పోద్దామని ప్రయత్నించకు. చార్జరు అర ఆంపు మీదే పెట్టాను, మార్చకు. పూర్తిగా దిగిపోయినదానికి పది పన్నెండు గంటలు పడుతుంది. తొందరగా అవుతుందని కారు చార్జరు తగిలించే మహానుభావులుంటారు, వాళ్ళ మాట వినకు. కిటికీ తీసి పెట్టు, ఆ దగ్గర్లో అగరొత్తులు వద్దు. లోపల హైడ్రోజన్ పుడుతుంది.

ఇంకొకటి. బ్రాడీపేట హాస్టల్ నుంచి అరండల్‌పేట బ్రాంచికి ఎంత దూరం? ఐదు నిమిషాలు. ప్రతిసారీ సెల్ఫ్ కొట్టి ఐదు నిమిషాల్లో ఆపేస్తే, ఇచ్చింది తిరిగి జమకాకముందే మళ్ళీ తీసుకుంటున్నట్టు. బ్యాంకులో ఉన్నావు, ఇది నీకు నేను చెప్పాలా? పొద్దున్న మొదటిసారి కిక్ కొట్టు. వారానికోసారి అమరావతి రోడ్డు మీద అరగంట తిప్పి రా. ఎండాకాలం బండి నీడలో పెట్టు, వేడికి బ్యాటరీ ఆయుష్షు తగ్గిపోతుంది.

"ఆడపిల్లకి ఆ వరద బండి ఇచ్చి ఇప్పుడు పాఠాలు రాస్తున్నారా, ఒక స్కూటీ కొనివ్వచ్చుగా" అని మీ అమ్మ ఇటుగా వెళ్ళినప్పుడల్లా అంటోంది. బండే కావాలన్నది నువ్వే అన్న సంగతి ఆవిడకి గుర్తు చేయలేదు.

శనివారం ఫోన్ చేసి నాకు మూడు అంకెలు చెప్పు. చార్జి పెట్టి వదిలేశాక ఎంత, రేస్ ఇచ్చినప్పుడు ఎంత, తాళం తీశాక ఎన్ని మిల్లీయాంపులు. అవి విన్నాకే బ్యాటరీ కొనాలా, కప్లరు మార్చాలా చెబుతాను. పచ్చడి ఎలా ఉందో కూడా చెప్పు, లేకపోతే మీటరు సంగతి ఒక్కటే అడిగానని ఇక్కడ నాకు భోజనం దగ్గర వినపడుతుంది.

నాన్న