ఈ సంక్రాంతికి మా దగ్గర ఎర్ర కలంకారీ ఉండదు

మా పెడన కలంకారీ కొనే అందరికీ నమస్కారం.

ముందు విషయం చెప్పేస్తాను. ఎరుపు ఉన్న చీరలు, దుపట్టాలు, దుప్పట్లు ఈ సంక్రాంతికి ఇవ్వలేం. బయానా ఇచ్చినవారికీ ఇవ్వలేం. మచిలీపట్నం అద్దకంలో ఎరుపు తీసేస్తే మిగిలేది ఎంతో నాకు తెలుసు, పండగ వ్యాపారం పోతుందనీ తెలుసు. అయినా నిర్ణయం మారదు. 'సరుకు ఆలస్యం' అని ఒక్క మాటతో తేల్చేయమని ఇంట్లోవాళ్లే సలహా ఇచ్చారు. ఏళ్ల తరబడి మా గుడ్డ కట్టుకున్నవారికి ఆ జవాబు చెప్పడానికి మనసు ఒప్పలేదు.

జరిగింది అర్థం కావాలంటే మా ఎరుపు ఎలా పుడుతుందో కాస్త చెప్పాలి. గుడ్డను కరక్కాయ, గేదె పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతాం. నలుపు కావలసిన చోట బెల్లం, తుప్పు పట్టిన ఇనుము కలిపి ఊరబెట్టిన నీళ్లు, ఎరుపు కావలసిన చోట పటిక నీళ్లు చెక్క అచ్చులతో అద్దుతాం. జాడించిన తర్వాత మంజిష్ఠ వేరు వేసిన కాగులో గుడ్డను ఉడకబెడతాం. వేరులోని రంగు పటిక ఉన్న చోటే గట్టిగా పట్టుకుంటుంది. పటిక లేని చోట పైపైన అంటుకుని, ఉతికి ఎండలో వేస్తూ ఉంటే వెలిసిపోతుంది. అందుకే మా పనిలో ఒక పాత అలవాటు ఉంది. ప్రతి కాగులోనూ ఒక గుడ్డ పీలిక వేస్తాం, దానికి ఒక సగం పటిక అద్ది, రెండో సగం వట్టిగా వదిలి. వేరు మంచిదైతే పటిక సగం ఎర్రబడుతుంది, వట్టి సగం ఉతుకులో తేలిపోతుంది.

ఈసారి రెండు సగాలూ ఒకేలా ఎర్రబడ్డాయి. ఉతికినా, ఎండలో వేసినా కదల్లేదు.

మంజిష్ఠ మా డెల్టాలో పండదు. కొండ ప్రాంతాల నుంచి చేతులు మారుతూ వస్తుంది. మా నాన్నగారి రోజుల నుంచి ఒకే కుటుంబం దగ్గర కొంటున్నాం. వాళ్ల ఇంటి పెళ్లికి మేం వెళ్లాం, మా ఇంటి చావుకు వాళ్లు వచ్చారు. కాగితం రాసుకుని ఎరగం. ఈ ఏడాది వేరు ముక్కలుగా పంపడం కష్టమని, పొడి కొట్టించి పంపుతామని చెప్పారు. నాకు పొడి ఇష్టం లేదు, చూసి గుర్తుపట్టలేం. 'మీకు మేం తప్పుడు సరుకు పంపుతామా' అని ఆ వ్యాపారం చూసే ఆయన నొచ్చుకున్నట్టు మాట్లాడారు. వచ్చిన సరుకులో మొదటి బస్తా పరీక్షించాం, నిఖార్సైన వేరు. కల్తీ కింది బస్తాల్లో ఉంది. ఏ బస్తా ముందు విప్పుతామో తెలిసిన మనిషి కట్టిన మూటలవి. నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వనిది అదే. ధర పెరిగిందని చెబితే పెంచి ఇచ్చేవాళ్లం. సరుకు లేదంటే ఆగేవాళ్లం.

ఫోను చేస్తే ఆయన కాదనలేదు. 'రంగు ఇంకా బాగా వచ్చిందిగా, పైగా పోదు, మీ ఖాతాదారులు మెచ్చుకుంటారు' అన్నారు. 'ఈ రోజుల్లో వేరు ఎవరు అడుగుతున్నారు' అని కూడా అన్నారు. మీరు అడుగుతారు. కొత్త చీర ముట్టుకుని, వాసన చూసి, కాగు పక్కన నిలబడి అడిగినవారు మీలో ఉన్నారు. వేరు రంగు అద్దకానికి ధర చెల్లించిన మీ గురించి ఆ మాట అనడం నాకు ఆ నష్టం కంటే ఎక్కువ బాధ కలిగించింది. ఆయనతో లావాదేవీ ఆ రోజుతో అయిపోయింది. ఇచ్చిన అడ్వాన్సు వెనక్కి రాకపోయినా సరే, ఆ గుమ్మం మళ్లీ తొక్కను.

గుడ్డ ముక్కను వస్త్రాలు పరీక్షించే ల్యాబుకు పంపితే రసాయన అజో రంగు అని తేలింది. అజో రంగులన్నీ నిషేధించినవి కావు. బజారులో దొరికే రంగు బట్టల్లో చాలావాటికి ఈ కోవకు చెందిన రంగులే వాడతారు. ఈ రంగు అణువులో రెండు నత్రజని పరమాణువుల మధ్య ఒక బంధం ఉంటుంది. అది తెగితే కొన్ని రంగుల నుంచి బెంజిడీన్ లాంటి ఆరోమాటిక్ అమీన్లు అనే హానికర రసాయనాలు బయటికి వస్తాయి. 1895లో ఫ్రాంక్‌ఫర్టులో లుడ్విగ్ రేన్ అనే శస్త్రవైద్యుడు రంగుల ఫ్యాక్టరీ కార్మికులకు మూత్రాశయంలో కణుతులు వస్తున్నాయని మొదట బయటపెట్టాడు. అందుకు బెంజిడీన్, బీటా నాఫ్థైలమీన్ వంటివి కారణమని తర్వాతి పరిశోధనల్లో తేలింది. ఆ జబ్బు పడింది కాగుల దగ్గర, పొడి తూచే చోట నిలబడ్డవాళ్లు. మా కాగు దగ్గరా మనుషులే నిలబడతారు. పొడి ముక్కులోకి పోతుంది, చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉంటాయి. చర్మం మీద, పేగుల్లో ఉండే బాక్టీరియా కూడా ఈ బంధాన్ని తెంచగలదు. అందుకే జర్మనీ 1994లో ఇలాంటి రంగులను నిషేధించింది. మన దేశం 1993లో బెంజిడీన్ ఆధారిత రంగులను, 1997లో మరికొన్ని అజో రంగులను నిషేధించింది. ఐరోపా సమాఖ్యలో ఒంటికి తగిలే బట్టలో నిషేధిత అమీన్ ఒక్కోటి కిలోకు 30 మిల్లీగ్రాములు దాటకూడదు.

మా బస్తాలో ఉన్నది నిషేధ జాబితాలోని రంగా, బయటిదా అన్న ప్రశ్న నా నిర్ణయాన్ని మార్చదు. వేరు రంగని చెప్పి అమ్మే గుడ్డలో అది ఉండకూడదు, అంతే. ఉడికించిన గుడ్డంతా కట్టలు కట్టి పక్క గదిలో పెట్టాం. తక్కువ ధరకు తీసుకుంటామని వచ్చినవారు ఉన్నారు. మా అచ్చు ఉన్న గుడ్డ ఆ రంగుతో బయట తిరగడం నాకు సమ్మతం కాదు, కాబట్టి అది ఎవరికీ వెళ్లదు.

గుడ్డ సంగతి తేల్చుకోవడం తేలికే. నన్ను అసలు తిప్పలు పెట్టింది కాగుల్లో మిగిలిన ఎర్ర నీళ్లు.

ఊళ్లో ఎవరిని అడిగినా దారి ఒక్కటే చూపిస్తారు, కాలువ. ఒక రాత్రి వదిలితే తెల్లారేసరికి ఆనవాలు ఉండదన్నారు. ఆ కాలువలోనే తరాలుగా కలంకారీ జాడించారు. పారే నీరు ఉంటేనే గుడ్డ నుంచి వదిలిన రంగు మళ్లీ గుడ్డకు అంటకుండా కొట్టుకుపోతుంది. ఆ నీటితో పెరిగిన వృత్తి మాది. కృష్ణ నుంచి వచ్చిన ఆ నీరు మా ఊరు దాటి వరి మళ్లకు, చేపల చెరువులకు, చివరికి మడ అడవులున్న తీరానికి చేరుతుంది.

రంగు నీళ్లు కాలువలో కలిస్తే జరిగేది కొంత కంటికి కనిపిస్తుంది. నీటి మీద పరదా కట్టినట్టు వెలుతురు లోపలికి పోదు. నాచు, నీటి మొక్కలు పగలు ఆక్సిజన్ వదలడం తగ్గుతుంది. చేపలు పెరిగే నీటిలో లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం. అది పడిపోతే చేప పైకి తేలి నోరు తెరుస్తుంది. కంటికి కనిపించనిది అడుగు బురదలో జరుగుతుంది. అక్కడ ఆక్సిజన్ ఉండదు, బాక్టీరియా ఆ నత్రజని బంధాన్ని తెంచుతుంది. అప్పుడు ఎరుపు పోయి నీళ్లు తేటగా కనిపిస్తాయి, రంగులేని అమీన్లు మాత్రం మిగులుతాయి. రాత్రి వదిలితే తెల్లారేసరికి ఆనవాలు ఉండదన్నవారు చూసింది పైన నీళ్లనే.

తమిళనాడులో తిరుప్పూరు వెళ్లినప్పుడు నొయ్యల్ నది చూశాను. ఆ ఊరి బనియన్లు దేశమంతా తొడుక్కుంటుంది. సాగు కోసం 1992లో ఆ నది మీద కట్టిన ఒరత్తుపాళయం ఆనకట్టలో అద్దకం ఉప్పు నీళ్లు నిండి, ఆ నీళ్లు మా పొలాలకు వద్దని రైతులే మొరపెట్టుకున్నారు. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అక్కడి అద్దకం యూనిట్లను మూయించింది. చుక్క నీరు బయటికి వదలకుండా శుద్ధి చేసుకునే ఏర్పాటు ఉన్నవే ఆ తర్వాత తెరుచుకోవాల్సి వచ్చింది. వందల యూనిట్లు కలిసి చేసిన దానికీ మా రెండు కాగులకూ పోలికేమిటని మా తమ్ముడు అడిగాడు. అక్కడ కూడా ప్రతి యూనిట్టూ తన కాగుల లెక్కే చూసుకుంది.

సున్నం, పటిక కలిపి తేర్చి చూశాం. పటిక, సున్నం కలిస్తే తెట్టులాగా ఏర్పడి రంగును కొంత పట్టుకుని అడుగుకు దిగుతుంది. పైన నీళ్లు లేత గులాబీకి వచ్చాయి, అంతకు మించి తగ్గలేదు. దిగిన మడ్డిలో రంగు రంగుగానే ఉంది. ఆ మడ్డిని ఎక్కడ పోసినా వాన నీటితో భూమిలోకే దిగుతుంది. మా వీధిలో చేతిపంపులు ఉన్నాయి. ఇంట్లో చాలా రోజులు ఇదే వాదన నడిచింది. చివరికి నీళ్లూ మడ్డీ మూత పెట్టిన ప్లాస్టిక్ డ్రమ్ముల్లోకి ఎత్తించి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకోవడానికి అనుమతి ఉన్న కేంద్రానికి లారీలో పంపుతున్నాం. ఆ ఖర్చు ఈ గుడ్డ మీద రావలసిన లాభాన్ని మించింది. మా తమ్ముడు నాతో ఇంకా సరిగా మాట్లాడటం లేదు. డబ్బు లెక్కలో తన మాటే నిజం. డ్రమ్ములు మాత్రం వెళ్తున్నాయి.

ఇంతా చెప్పి, మా రోజువారీ వేరు రంగుల నీళ్లు గంగాజలమని చెబితే అది మోసం అవుతుంది. కరక్కాయ కషాయం, పాలు, గంజి, జిగురు నీటిలో కలిస్తే వాటిని కుళ్లబెట్టే బాక్టీరియా ఆక్సిజన్ తాగేస్తుంది. పటిక నీళ్లలో పులుపు ఎక్కువ. పులుపు నీటిలో కరిగిన అల్యూమినియం చేప మొప్పలకు పట్టి ఊపిరి ఆడనివ్వదు. 'సహజం' అని చీటీ అంటించి కాలువలో పోసే హక్కు మాకు లేదు. అందుకే మా దగ్గర జాడింపు వరుస తొట్లలోకి మారింది. చివరి తొట్టిలో తేటగా మిగిలిన నీరు మర్నాడు మొదటి జాడింపుకు పనికొస్తుంది. దీనితో నీటి వాడకం బాగా తగ్గింది. కషాయం నీళ్లకు సున్నం కలిపి పులుపు విరిచి, తేరిన తర్వాతే ఇంకుడు గుంతకు వదులుతున్నాం. ఉడికిన వేరు పిప్పి కొబ్బరి చెట్ల మొదట్లోకి పోతుంది. పెడనలో అందరికీ కలిపి ఒక శుద్ధి ఏర్పాటు ఉంటే ఇవన్నీ ఇంకా చవకగా, ఇంకా బాగా జరుగుతాయి. ఒక్కొక్కరం విడిగా కట్టుకోవడం చిన్నవాళ్ల వల్ల అయ్యే పని కాదు. ఈ మాట తోటి అద్దకందారులకు చెబుతూనే ఉన్నాను.

ఈ కబురు తెలిసిన ఒకరు, 'అయితే ఇంతకుముందు మేం కొన్నవి కూడా ఇలాంటివేనా' అని అడిగారు. అడగాల్సిన మాటే, విన్నప్పుడు మాత్రం గుండెలో గుచ్చుకుంది. కావు. ప్రతి కాగు పీలికనూ ఉతికి, ఆరబెట్టి, పుస్తకంలో అతికించి పెట్టాం. మీ చీర రసీదు నంబరు చెబితే ఆ కాగు పీలిక చూపిస్తాం. ఇంట్లో ఉన్న చీర చూసి కూడా కొంత పోల్చుకోవచ్చు. వేరు ఎరుపు మిల్లు గుడ్డలో ఉన్నంత సమంగా ఉండదు, ఎండకు, ఉతుకుకు నెమ్మదిగా మెత్తబడుతుంది. తెల్లగా ఉండాల్సిన చోట గులాబీ ఛాయ ఉండి, ఎన్ని ఉతుకులకూ పోకపోతే అనుమానించండి. అలాంటిది మా దుకాణానిదైతే తెచ్చి ఇవ్వండి, మారు మాట లేకుండా డబ్బు ఇస్తాను.

ఇక ఎర్ర వాటికి బయానా ఇచ్చినవారు. కొత్త చోట వేరు ముక్కలే చెప్పాం, పొడి కాదు. ప్రతి బస్తా విప్పి, ప్రతి బస్తాకూ పీలిక వేసి చూసిన తర్వాతే గుడ్డ కాగులోకి దిగుతుంది. ఆగగలిగితే పాత ధరకే ఇస్తాం, డ్రమ్ముల ఖర్చు మీ మీద వేయం. పండగకే కావాలంటే నలుపు, నీలిమందు నీలం, కరక్కాయ, దానిమ్మ తొక్కల పసుపుతో అద్దినవి సిద్ధంగా ఉన్నాయి. అవి ఎరుపుకు బదులు కాదు, వాటి అందం వాటిదే. చూసి నచ్చితేనే తీసుకోండి. పెళ్లికి ఎర్ర చీర చెప్పిన రెండు ఇళ్లవారికి నేనే ఫోను చేసి మాట్లాడాను. ఒకరు ఆగుతామన్నారు, ఒకరు వేరే చోట తీసుకున్నారు. వారి మీద నాకు ఏ బాధా లేదు.

బయానా వెనక్కి కావాలన్నవారు కారణం చెప్పనక్కర్లేదు. రసీదు ఫోటో పంపితే ఆ వారంలోనే మీ ఖాతాలో పడుతుంది. దుకాణం మామూలు వేళల్లోనే తెరిచి ఉంటుంది, ఆదివారం తప్ప.