‘సౌండ్’ ఒక్క మాట కాదు, నాలుగు మాటలు

సంపాదకులకు నమస్కారములు.

మీ ఆదివారం అనుబంధంలో ఇంగ్లీషు పదాల పుట్టుపూర్వోత్తరాలపై ఇటీవల వచ్చిన వ్యాసాన్ని ఆసక్తితో చదివాను. విద్యార్థులకు ఇటువంటి విషయాలు చెప్పాలన్న ప్రయత్నం మెచ్చదగినది. అయితే అందులో ‘సౌండ్’ అనే మాటకు శబ్దమన్నదే అసలు అర్థమనీ, మిగిలిన అర్థాలన్నీ దాని నుంచే పుట్టాయనీ, చప్పుడేదీ చెవిన పడని నిద్ర కాబట్టే గాఢనిద్రను ‘సౌండ్ స్లీప్’ అన్నారనీ రాశారు. వినడానికి సబబుగా తోచినా ఈ వివరణ సరైనది కాదు. పలుకుబడిలో, రాతలో ఒకటిగా కనిపించే నాలుగు వేర్వేరు మాటలు అక్కడ ఉన్నాయి.

శబ్దం అనే అర్థం గల సౌండ్ లాటిన్‌లోని ‘సోనుస్’ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. 1066లో ఫ్రెంచి మాట్లాడే నార్మన్లు ఇంగ్లండును జయించిన తరువాత ఇంగ్లీషులో చేరిన వేలాది ఫ్రెంచి మాటల్లో ఇదొకటి. సోనుస్‌కూ, మన కావ్యాల్లో కనిపించే స్వనం, నిస్వనం అనే సంస్కృత పదాలకూ మూలధాతువు ఒక్కటే. చివరనున్న డి అక్షరం మాత్రం మూలంలో లేదు. 14వ శతాబ్దపు రాతల్లో ఈ మాట డి లేకుండానే కనిపిస్తుంది. నకారం పలికిన నాలుక డకారం వైపు జారడం వల్ల అది జనం నోట పుట్టి, తరువాత రాతకెక్కింది. పాత ఇంగ్లీషులోని ‘థునోర్’ నేటి ‘థండర్’ అయినదీ ఇలాగే. నీట మునగడం అనే అర్థం గల ‘డ్రౌన్’కు కూడా కొందరు డి చేర్చి పలుకుతారు గాని, దానిని తప్పంటారు. ఒకే తీరున వచ్చిన మార్పుల్లో ఒకటి ఒప్పయి మరొకటి తప్పయిందంటే, అది వాడుక ఇచ్చిన తీర్పే.

సౌండ్ స్లీప్‌లోని సౌండ్ అచ్చమైన జర్మానిక్ మాట, అంటే ఇంగ్లీషు, జర్మన్ వంటి భాషల కుటుంబానికి చెందినది. పాత ఇంగ్లీషులో ‘యెసుండ్’ అంటే ఆరోగ్యంగా, చెక్కుచెదరకుండా ఉన్నదని అర్థం. కాలక్రమంలో ముందున్న ‘యె’ రాలిపోయింది. జర్మన్లు నేటికీ ఆరోగ్యంగా ఉన్నవారిని ‘గెజుంట్’ అంటారు, ఎవరైనా తుమ్మితే ‘గెజుంట్‌హైట్’ అని దీవిస్తారు. వీలునామాలో రాసే ‘సౌండ్ మైండ్’ స్థిరచిత్తం, ‘సౌండ్ ఆర్గ్యుమెంట్’ లొసుగు లేని వాదన. వీటిలో దేనికీ చెవితో పనిలేదు.

రెండు నేలల నడుమ ఉండే సముద్రపు పాయ మూడవ సౌండ్. స్కాండినేవియా వారి ప్రాచీన భాష అయిన పాత నార్స్‌లో ‘సుండ్’ అంటే ఈత, జలసంధి కూడా. ‘స్విమ్’ దీనికి దగ్గరి చుట్టం. డెన్మార్క్, స్వీడన్‌ల మధ్యనున్న ఓరెసుండ్, అమెరికాలోని ప్యూజెట్ సౌండ్ పేర్లలో ఉన్నది ఇదే.

నాలుగవదైన, లోతు కొలవడం అనే అర్థం గల సౌండ్ నాకు అన్నిటికంటె ఇష్టమైనది. ఇది ఫ్రెంచి నుంచి వచ్చిన క్రియ; దానికి కూడా ‘సుండ్’ అనే ఆ పాత మాటే మూలం కావచ్చునని నిఘంటుకారుల భావన. నావికుడు సీసపు దిమ్మె కట్టిన తాడును ఓడ పక్కనుంచి నీటిలోకి వదిలి, దిమ్మె అడుగు తాకేసరికి ఎన్ని బారలు దిగిందో లెక్కపెట్టేవాడు. మన బార వంటిదే వారి ఫాదమ్, అంటే ఆరు అడుగులు. దిమ్మె అడుగుభాగాన ఉండే గుంటలో పశువుల కొవ్వు పెట్టేవారు. పైకి లాగినప్పుడు దానికి అంటుకొచ్చిన ఇసుకనో, గవ్వ పెంకులనో, బురదనో చూసి సముద్రపు అడుగు ఎటువంటిదో గ్రహించేవారు. బ్రిటిష్ నౌక ఛాలెంజర్ 1875లో పసిఫిక్‌లోని మరియానా అగాధం వద్ద 4,475 ఫాదమ్‌ల లోతును తాడుతో, బరువులతోనే కొలిచింది. ఎదుటివారి మనసులోని మాటను ముందుగా తరచి చూడడాన్ని ‘సౌండ్ ఔట్’ అనడం కూడా ఈ కొలత నుంచే వచ్చింది. తరువాతి కాలంలో శబ్ద తరంగాలను పంపి, అవి తిరిగివచ్చే సమయాన్ని బట్టి లోతు తేల్చే ‘ఎకో సౌండర్’ వచ్చింది. ఆ పేరులోని సౌండ్ కూడా లోతు కొలవడమే. కొలిచే సాధనం శబ్దమే కావడంతో చదువుకున్నవారు సైతం పొరబడుతున్నారు.

పెద్ద ఇంగ్లీషు నిఘంటువులు ఈ మాటలకు అంకెలు వేసి వేర్వేరు పద్దులుగా ఇస్తాయి. విద్యార్థుల చేతిలో ఉండే చిన్న నిఘంటువుల్లో తరచుగా ఆ హద్దు చెరిగిపోయి, శబ్దం, ఆరోగ్యకరం, జలసంధి, లోతు కొలుచు అన్నవి కామాలతో ఒకే వరుసలో కనిపిస్తాయి. పొంతన లేని అర్థాలను బట్టీ పట్టడం తప్ప పిల్లలకు దారి ఉండదు. కనుక సౌండ్ స్లీప్ గురించిన వివరణను రాబోయే సంచికలో సవరించవలసిందిగా కోరుతున్నాను. తరువాతి వ్యాసానికి ‘సెట్’ను తీసుకోమని రచయితకు నా సూచన. పెట్టడం అనే అర్థం గల పాత ఇంగ్లీషు మాటా, సమూహం అనే అర్థంతో ఫ్రెంచి నుంచి వచ్చిన మాటా అందులో విడదీయలేనంతగా కలిసిపోయాయి కాబట్టి, సౌండ్ కంటె అది మరింత జాగ్రత్తగా చెప్పవలసిన కథ.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఆంగ్లోపాధ్యాయుడు