తమ్ముడికి డల్లాస్ నుంచి

చిన్నా,

అమ్మ, నాన్న, నువ్వు అంతా కులాసాగా ఉన్నారనుకుంటున్నాను. నీ జావా ప్రోగ్రామ్‌లో సగటు ఎందుకు తప్పొస్తోందని నిన్న నువ్వు అడిగితే, సగం చెప్పేలోపే అమ్మ ఫోన్ తీసుకుంది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

నీ మూడు సబ్జెక్టుల మార్కులు కలిపితే 236. మూడుతో భాగిస్తే 78.67 దాకా రావాలి, నీకు 78.0 వచ్చింది. "సగటుని డబుల్‌లోనే పెట్టాను కదక్కా" అన్నావు. పెట్టావురా, డబుల్ అంటే చుక్క తర్వాతి అంకెల్ని కూడా దాచుకునే రకమే, కానీ అప్పటికే ఆలస్యమైంది. జావా ముందు ఈక్వల్స్‌కి కుడివైపున్న లెక్క పూర్తి చేస్తుంది. అక్కడ 236, 3 రెండూ ఇంట్‌లే, అంటే చుక్క లేని పూర్ణసంఖ్యలే. ఇంట్‌ని ఇంట్‌తో భాగిస్తే వచ్చేదీ ఇంటే. చుక్క తర్వాతిదంతా అక్కడే పోయింది. మిగిలిన 78 నీ డబుల్‌లోకి వెళ్ళి 78.0 అయింది.

కాబట్టి భాగించకముందే మార్చాలి. (డబుల్) మొత్తం / 3 అని రాయి. కాస్టింగ్, అంటే ఇలా రకం మార్చడం, భాగహారం కంటే ముందు జరుగుతుంది, మొత్తం 236.0 అవుతుంది, పక్కనున్న 3ని జావాయే డబుల్ చేసుకుంటుంది. బ్రాకెట్ల దగ్గర మాత్రం జాగ్రత్త. (డబుల్) (మొత్తం / 3) అని రాశావంటే మళ్ళీ 78.0 యే.

ఈ టెన్షన్ నేనూ పడ్డాను. ఇక్కడికొచ్చిన కొత్తలో ఎండ ఎలా ఉందని అమ్మ రోజూ అడిగేది. ఇక్కడ ఫారన్‌హీట్‌లో చెప్తారు. ఒకరోజు 104 అన్నాను, అమ్మ నాకు జ్వరమనుకుని హడలిపోయింది. సెల్సియస్‌లో చెబుదామని చిన్న ప్రోగ్రామ్ రాశాను: 5 / 9 * (ఎఫ్ - 32). ఎంత ఇచ్చినా 0.0! ఎఫ్ డబులే, సూత్రం సరైనదే. రాత్రి ఒంటిగంట దాకా దాని ముందే కూర్చున్నాను. చివరికి ఒక్కో ముక్కా విడిగా ప్రింట్ చేసి చూస్తే, మొదటి 5 / 9 దగ్గరే సున్నా. అవి రెండూ ఇంట్‌లు మరి. 5.0 / 9 అని మార్చగానే 40 వచ్చింది. అప్పుడు మీకు పగలు పదకొండున్నర, వెంటనే అమ్మకి ఫోన్ చేసి చెప్పాను.

ఇంకొకటి. డబుల్‌ని ఇంట్‌గా కాస్ట్ చేస్తే దగ్గరి అంకెకి సవరించదు, కోసేస్తుంది. 78.99 కూడా 78 అవుతుంది. మార్కుల దగ్గర అలా చెయ్యకు, దగ్గరి అంకెకి సవరించే మ్యాథ్.రౌండ్ వాడు.

ఇప్పుడు -7 / 2 ఎంతొస్తుందో ముందు కాగితం మీద రాసుకుని, తర్వాత రన్ చెయ్యి. రెండూ ఆదివారం ఫోన్‌లో చెప్పు. నాన్న బీపీ మాత్రలు అయిపోవచ్చాయేమో చూడు.

మీ అక్క