డ్రై ఐస్ తాతకు

రెండు రాత్రులుగా నిద్ర లేదు, తప్పులుంటే సర్దుకోండి.

శనివారం రాత్రి మా ల్యాబ్‌లో మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్ కంప్రెసర్ పోయింది. నేను పరుగెత్తుకొచ్చేసరికి డిస్‌ప్లేలో మైనస్ 51. నా పీహెచ్‌డీ అంతా అందులోనే ఉంది. పార్కిన్సన్స్ జబ్బులో మెదడు కణాల్లో ఆల్ఫా సిన్యూక్లిన్ అనే ప్రొటీన్ ముద్దకడుతుంది. అది వయసుతో ఎలా పెరుగుతుందో చూడ్డానికి 18 నెలలు పెంచిన ఎలుకల మెదడు ముక్కలవి. ఒకసారి కరిగాయా, మళ్లీ గడ్డకట్టించినా నా పనికి పనికిరావు.

వాటిని చల్లగా ఉంచడానికి డ్రై ఐస్ (గడ్డకట్టించిన కార్బన్ డయాక్సైడ్) అమ్మేవాళ్లకు వరసగా ఫోన్లు చేశా. ఎత్తినవాళ్లంతా "సోమవారం రండి" అన్నారు. జీడిమెట్ల వైపు ఒక గోడౌన్‌లో వాచ్‌మన్ తాత ఎత్తాడు. ఓనర్‌ని అడిగి చెప్తానన్నాడు. ఇంక చెయ్యడనుకున్నా. పది నిమిషాల్లో ఆయనే చేశాడు. "ఎన్ని కిలోలు గావాలె?"

రెండుంబావుకి ట్రాలీ ఆటోలో 40 కిలోలు, గోనెసంచుల్లో చుట్టి తెచ్చాడు. మైనస్ 78 డిగ్రీల సరుకది, కంగారులో వట్టి చేతులు పెట్టబోయా. కసిరి, తన తోలు గ్లౌజులు నాకిచ్చి, తను గోనెపట్టాతో పట్టుకుని అందించాడు. "ఇండ్ల ఏమున్నయ్?" అనడిగాడు. చేతులు వణికే జబ్బు కోసం ఎలుకల మెదళ్లు తాతా అన్నా. కాసేపు చూసి "అయితే సల్లగుండాలె" అన్నాడు. నవ్వొచ్చింది. వెంటనే "పొద్దటిసంది ఏమన్న తిన్నవా బిడ్డా?" అన్నాడు. అంతే, మెట్ల మీద కూలబడి ఏడ్చేశా. ఐస్ డబ్బులే తీసుకున్నాడు, ఆటో కిరాయి ఎంత బతిమాలినా ముట్టలేదు.

అమ్మకీ నాన్నకీ మా ఆయనకీ థాంక్స్. వాళ్లకు తెలుసులెండి.

ఆ ఫ్రీజర్ ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందం) రెన్యువల్ ఫైలు ఏడాదిగా ఏ బల్ల మీద నిద్రపోతోందో మరి. ఫెలోషిప్ డబ్బులు చివరిసారి పడి ఐదు నెలలైంది, ఐస్ డబ్బులు అక్క దగ్గర అప్పు. వెనక్కి రావాలంటే జీఎస్టీ బిల్లు పెట్టాలట! అర్ధరాత్రి ఆ తాతని బిల్లడగాలా?

అయ్యో, మర్చిపోయా. థర్మాకోల్ డబ్బాలు మోసిన జూనియర్లిద్దరికీ, లిఫ్ట్ తాళం తీసిన సెక్యూరిటీ అన్నకీ, తెల్లారాక తమ ఫ్రీజర్‌లో రెండు అరలు ఖాళీ చేసిచ్చిన కింది అంతస్తు ల్యాబ్‌వాళ్లకీ కూడా.

తాతా, మీ గ్లౌజులు నా దగ్గరే ఉండిపోయాయి. బుధవారం తెచ్చిస్తా.