వాగ్దానపు కార్డుతో పాటు అధ్యాయమూ చదవాలి

సంపాదకులకు,

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో, కొత్త ఏడాదికి దేవుని మాటగా ఒక బైబిలు వచనం రాసి ఉండే వాగ్దానపు కార్డు తీసుకోవడం తెలుగు క్రైస్తవ కుటుంబాలకు ఎంతో ప్రియమైన ఆనవాయితీ. దేవుడు తమతో మాట్లాడాలన్న ఆశతోనే పెద్దలూ పిల్లలూ ఆ కార్డును బైబిలులో దాచుకుంటారు. ఆ ఆశ విలువైనది. అయితే ఆ ఒక్క వచనాన్నే దేవుని చిత్తంగా ఎంచి పెళ్లి సంబంధాలు, విదేశీ చదువులు ఖాయం చేసుకునేవారిని చూసి బాధతో ఈ లేఖ రాస్తున్నాను.

ఆ కార్డులపై తరచుగా కనిపించే యిర్మీయా 29:11నే తీసుకుందాం. దేవుని ఉద్దేశాలు సమాధానకరమైనవేగాని హానికరమైనవి కావన్న ఆ మాట, బబులోనుకు బందీలుగా వెళ్లి చెరలో ఉన్న యూదులకు యిర్మీయా ప్రవక్త యెరూషలేము నుండి పంపిన ఉత్తరంలోనిది. దాని ముందు వచనంలోనే విడుదలకు డెబ్బై ఏళ్లు పడుతుందని ఉంది. 28వ అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త రెండేళ్లలోనే అంతా చక్కబడుతుందని మందిరంలో అందరి ఎదుట ప్రకటించి, బబులోనుకు లోబడాలన్న గుర్తుగా యిర్మీయా మెడమీద ఉన్న కాడిని తీసి విరిచాడు. జనానికి ఇంపైనది హనన్యా మాటే, కానీ దేవుడు అతన్ని పంపలేదు. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, మీరున్న పట్టణ క్షేమం కోసం ప్రార్థించండి అని చెరలోని వారికి దేవుడు చెప్పించాడు. ప్రవక్తల చేత మోసపోవద్దని అదే ఉత్తరంలో హెచ్చరించాడు.

ఈ రోజుల్లో ఫోనులో ప్రవచనం చెప్పించుకుని, దాన్ని నమ్మి మందులు సైతం మానేసేవారున్నారు. ఇది విశ్వాసం కాదని నా దృఢాభిప్రాయం. సమస్తాన్నీ పరీక్షించి మేలైనదాన్ని చేపట్టమని అపొస్తలుడైన పౌలు థెస్సలొనీక సంఘానికి రాశాడు. బెరయ పట్టణపువారైతే ఆ పౌలు బోధనే ప్రతిదినం లేఖనాలతో సరిచూసుకున్నారు. బాల సమూయేలు కూడా తనను పిలుస్తున్నది దేవుడేనని వృద్ధ యాజకుడైన ఏలీ చెబితేగాని గ్రహించలేదు. దేవుని స్వరం వినాలనుకునేవారికి లేఖనమూ, ఓపికా, అనుభవజ్ఞుల సలహా మూడూ కావాలి.

సంఘ కాపరులకు నా మనవి ఒకటే. కార్డు ఇచ్చేటప్పుడు ఆ వచనం ఏ సందర్భంలో, ఎవరితో చెప్పిందో నాలుగు మాటల్లో వివరించండి. జనవరిలో జరిగే కుటుంబ ప్రార్థనల్లో ఆ అధ్యాయం మొత్తం చదివించండి.

– ఒక సంఘ సభ్యుడు, గుంటూరు