డ్రమ్ము మూత తీసి చూసేదెవరు?

సంపాదకులు గారికి,

2025లో మధ్యప్రదేశ్‌లో ఇరవై మందికి పైగా పిల్లల్ని పొట్టన పెట్టుకున్న కోల్డ్రిఫ్ దగ్గు మందులో 48.6 శాతం డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం ఉందని తమిళనాడు ప్రభుత్వ ల్యాబ్ తేల్చింది. ఆ సిరప్ తయారైంది కాంచీపురం జిల్లాలో. మన నెల్లూరోళ్లు పట్టుచీరలకు పోయే ఊరి పక్కనే.

నేను పాతికేళ్లు మందుల కంపెనీల క్యూసీలో, అంటే నాణ్యత పరీక్షల విభాగంలో, ముడిసరుకు దగ్గర బ్యూరెట్ (కొలత గీతలున్న గాజు గొట్టం) పట్టుకుని నిలబడ్డవాడిని. సిరప్‌లో కలిపే ప్రొపిలీన్ గ్లైకాల్‌కీ ఈ విషానికీ కంటికి తేడా తెలియదు. రెండూ రంగు లేకుండా, చిక్కగా ఉంటాయి. తూచితే తెలుస్తుంది. మొదటిది మిల్లీలీటరు దాదాపు 1.04 గ్రాములు, రెండోది 1.12. సగానికి సగం కల్తీ అయితే పట్టుకోవడానికి సాంద్రత చూసే చిన్న గాజు సీసా, మంచి తక్కెడ చాలు. ఈ విషం 0.1 శాతం దాటకూడదన్న హద్దు దాకా తేల్చాలంటే మాత్రం గ్యాస్ క్రొమటోగ్రఫీ యంత్రం కావాలి.

వచ్చిన ప్రతి డ్రమ్ములో ఉన్నదేమిటో ఖాయం చేసుకోవాలని మందుల తయారీ నిబంధనల షెడ్యూల్ ఎం చెబుతోంది. నేను పనిచేసిన ఒకచోట నైట్ షిఫ్టులో ఇరవై డ్రమ్ముల సిట్రిక్ యాసిడ్ దిగితే, "సప్లయర్ సర్టిఫికెట్ ఉంది కదా, ఒకదానికి చేసి మిగతావాటికి అంకెలు వేసెయ్" అన్నారు. వేశాను, రెండుసార్లు. ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

అలా వేసిన అంకెలు దొరికిపోతాయి, చూసేవాళ్లుంటే. సిట్రిక్ యాసిడ్ టెస్టులో బ్యూరెట్ నుంచి సోడియం హైడ్రాక్సైడ్ చుక్కచుక్కగా వదులుతూ, లేత గులాబీ రంగు నిలిచే ఆ ఒక్క చుక్క కోసం కాచుకునే చేతికి ప్రతిసారీ 23.40 మిల్లీలీటర్లే రాదు. ఓసారి 23.45, ఓసారి 23.35 వస్తుంది. నెలంతా ఒకే అంకె ఉందంటే అది బ్యూరెట్ ముందు నిలబడి రాసింది కాదు, కుర్చీలో కూర్చుని రాసింది. తక్కెడ ప్రింటులో టైము నోట్‌బుక్‌తో కలవదు. సోడియం హైడ్రాక్సైడ్ సీసా తరగదు.

డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు షాపుల్లో సీసాలు తిరగేయడంతో సరిపెట్టకుండా కంపెనీల్లో సర్టిఫికెట్ల ఫైలు పక్కనబెట్టి ఈ నోట్‌బుక్కులు అడగాలి. తమ ముందే డ్రమ్ము తెరిపించి టెస్టు చేయించాలి. ఇంకొకటి. కావలి, కందుకూరు, ఒంగోలు నుంచి బీఎస్సీ కెమిస్ట్రీ చదివి హైదరాబాద్ జీడిమెట్లలోని మందుల కంపెనీల దారి పట్టే పిల్లలు చాలామందే. దొంగ అంకెలు వేయనన్న పిల్లవాడు ఉద్యోగం పోతుందన్న టెన్షన్ లేకుండా, పేరు బయటపడకుండా చెప్పుకునేందుకు ప్రభుత్వం ఒక ఫోన్ నంబరు ఇవ్వాలి. నాకప్పుడు అలాంటిది లేదు.

- ఒక విశ్రాంత కెమిస్ట్, కావలి