బస్టాండు పక్కన టీవీ రిపేర్ షాపు అన్నగారికి కృతజ్ఞతలు

సైన్స్ ఫెయిర్ ముందురోజు సాయంత్రం మా బడి తొమ్మిదో తరగతి అమ్మాయిల ప్రాజెక్టు మొండికేసింది. కుండీలో మట్టి ఆరితే పంపు తనంతట తానే నీళ్లు పోయాలి. పంపు తిరగగానే దాన్ని నడిపే ఆర్డునో అనే చిన్న కంప్యూటర్ బోర్డు రీసెట్ అయిపోయేది. "మగపిల్లల్ని పిలిచి చూపించండి" అన్నారు, బాగుచేయించడానికి తెస్తే మీ షాపులో కూర్చున్న ఒక పెద్దాయన.

మీరు ఆ మాట పట్టించుకోలేదన్నా. మల్టీమీటరు అమ్మాయిల చేతికే ఇచ్చి, 5 వోల్టుల పిన్ను దగ్గర కొలవమన్నారు. పంపు ఆన్ కాగానే వోల్టేజి పడిపోవడం వాళ్లే చూశారు. పంపు కరెంటు బోర్డు నుంచి లాగకూడదనీ, వేరే సప్లై ఇచ్చి గ్రౌండ్లు, అంటే మైనస్ వైర్లు, రెండూ కలపాలనీ చెప్పారు. మోటారు ఆగేటప్పుడు కాయిల్ ఎదురు తన్నే వోల్టేజి నుంచి కాపాడటానికి, కరెంటును ఒకవైపే పోనిచ్చే 1ఎన్4007 డయోడ్ వేయించారు, తెల్ల గీత ప్లస్ వైపు ఉండేలా.

సోల్డరింగ్ మీకు రెండు నిమిషాల పని. అయినా ఐరన్ ముట్టుకోలేదు. "ముందు వైరూ ట్యాగూ కలిపి వేడెక్కించమ్మా. లెడ్డు, అదే కరిగే సోల్డరు తీగ, జాయింటుకు తాకించు, ఐరన్ మొనకు కాదు" అంటూ పక్కన నిలబడ్డారు. మొదటిది మసకగా ఉండకట్టింది. పీకించి మళ్లీ వేయించారు. ఈసారి మెరుస్తూ పల్చగా పరుచుకుంది.

పిల్లల చార్టు మీద 1940లలో మద్రాసు గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదివిన మన తెలుగావిడ అయ్యలసోమయాజుల లలిత గారి బొమ్మ ఉంది. అలాంటి బొమ్మ చూపించడం తేలిక, ఐరన్ చేతికివ్వడమే కష్టం. మీరు అదే చేశారు.

ఫెయిర్‌లో బోర్డు ఒక్కసారీ రీసెట్ కాలేదు. డబ్బులు తీసుకోకపోగా, అదనంగా డయోడ్లు కూడా పొట్లం కట్టి ఇచ్చారు. మా బడి తరఫున మీకు మనస్ఫూర్తిగా నమస్కారాలు.